శబరి మందిరం పక్కవాకిలి

కొమ్మురేవు,
జనవరి 19.

మురళీ బావకు,

ప్రసూన నమస్కారాలు. నాలుగు రోజులుగా ఫోను చేస్తున్నాను. మోగుతుంది, మీరు ఎత్తరు. అందుకని రిటైరైన రోజు బడిపిల్లలు ఇచ్చిన పెన్ను వెతికి తీసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఉత్తరం రాసి పదేళ్లు దాటిందేమో, అక్షరాలు వంకర్లు పోతున్నాయి. నవ్వకండి.

మన శబరి నాట్యమందిరం గోడకు పంచాయతీ వాళ్లు నోటీసు అంటించారు. శిథిల భవనం అట. వానలు మొదలయ్యేలోపు కప్పు బాగుచేయకపోతే కూల్చేస్తారు. పోయిన వానాకాలం గోదావరి వైపు పెంకులు సగానికి సగం జారిపోయాయి. నిన్న లోపలికి వెళ్లి చూశాను. స్టేజి మీద ఎండ పడుతోంది బావా. మీరు శబరి వేషం కట్టి కూర్చునే చోట, పలకల సందులోంచి వేపమొక్క మొలిచి మోకాలెత్తు పెరిగింది. పీకడానికి చెయ్యి రాలేదు. దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాను. పైనుంచి పావురం ఈక ఒకటి తిరుగుతూ తిరుగుతూ దిగింది. అది నేల తాకేదాకా నాకు వయసు గుర్తు రాలేదు.

ఊళ్లో కొంతమందిమి కలిసి ఒక ఆలోచన చేశాం. కప్పుకు నాలుగున్నర వేల పెంకులు కావాలి. ఒక్కొక్కరు ఒక్క పెంకు ఇచ్చుకుంటే, ఆ పెంకు లోపలివైపు వాళ్ల పేరు తెల్లరంగుతో రాస్తాం. మందిరానికి సీలింగు లేదు కదా, తల ఎత్తితే పేర్లన్నీ కనిపిస్తాయి.

మీరు చేయవలసింది ఒకటే. కార్తీకంలో మందిరం మళ్లీ తెరుస్తాం. ఆ రోజు వచ్చి శబరి పద్యం పాడాలి.

ఆకు కదలె నెవరి యడుగుల సవ్వడో
పండు పండె నెవరి బ్రతుకు కొఱకు

అని మీరు ఎత్తుకుంటే రేవులో పడవలు ఆపేసేవారని అమ్మ చెప్పేది. మీరు వస్తారంటే పెంకులు వాటంతట అవే వస్తాయి.

మీ మేనమామ కూతురు,
ప్రసూన

* * *

తెనాలి,
ఫిబ్రవరి 6.

ప్రసూనా,

ఆశీస్సులు. ఫోను పాడైంది. మోగుతుంది గానీ దానికి మాట లేదు. బాగుచేయించే ఓపిక లేక అలాగే ఉంచాను. ఇకమీదట ఉత్తరాలే రాయి. పోస్ట్‌మన్ నా గుమ్మం ముందు ఆగి చాలాకాలమైంది. నీ కవరు ఇస్తూ వింతగా చూశాడు.

నీ ఉత్తరం చదివి ఆ పూట వంట చేసుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుంటే తెనాలి కాలువ గోదావరిలా కనిపించింది. గుర్తుందా, వేషం వేయడానికి నాకు రెండు గంటలు పట్టేది. కొబ్బరినూనె, జింకు పౌడరు, పైన మసి. ఇరవై అయిదేళ్ల కుర్రాణ్ణి ముసలి శబరిని చేయడం మా రంగుల మేస్త్రీకి సరదా. ముడతలు గీస్తూ, 'కదలకు, నీ ముసలితనం చెరిగిపోతుంది' అనేవాడు. ఇప్పుడు ఏ మేస్త్రీ అవసరం లేకుండానే అద్దంలో ఆ మొహమే ఉంది.

ఎండాకాలం మొదట్లో నాటకం ఉంటే పక్కవాకిలి తెరిచి ఉంచేవాళ్లం. అడవి గాలి లోపలికి వచ్చేది, ఇప్పపూల వాసనతో. పద్యం ఎత్తుకునే ముందు ఆ గాలినే పీల్చేవాణ్ణి. నా పాటలో మత్తు ఉందని జనం అనేవారు, అది ఆ గాలిదే.

మా అమ్మ పేరు మీద, మీ నాన్న పేరు మీద పెంకులకు మనియార్డరు పంపుతున్నాను. పద్యం మాత్రం అడగకు. పాడటం మానేశాను. డెబ్బయ్యేళ్లవాడు స్టేజి ఎక్కితే జాలిపడతారే తప్ప వినరు. మంచి గొంతున్న కుర్రవాణ్ణి ఎవరినైనా పిలుచుకోండి.

మురళీకృష్ణ

* * *

కొమ్మురేవు,
మార్చి 12.

బావా,

జాలిపడతారట! ఇక్కడ మీ పేరు చెబితే ముసలివాళ్ల కళ్లు ఎలా వెలుగుతాయో చూస్తే ఆ మాట రాసేవారు కాదు.

పెంకులు వస్తున్నాయి. పడవల వాళ్లు, ఆటోల వాళ్లు, బడిపిల్లలు. సారపాక కాగితం మిల్లులో షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు. ఒకావిడ గంపెడు చింతపండు తెచ్చి, "అమ్ముకోని రాసుకోండ్రి, మా ఇంటాయన పేరు" అంది. ఆయన పోయి ముప్పై ఏళ్లు. ఇంటి ముందు వరండాలో కూర్చుని పేర్లు రాస్తుంటే, ఊరు ఊరంతా వచ్చి నా చుట్టూ నిలబడ్డట్టు ఉంటోంది. ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ.

ఇంకో వింత చెప్పాలి. పగిడయ్య అని పినపాక మేస్త్రీ, పని ఆయనకే అప్పగించాం. స్టేజి పలకలు విప్పితే కింద కుండలు! మెడదాకా నేలలో పాతి, మూతులు పైకి పెట్టిన కుండలు, అరవై పైన. ఎనభై ఆరు వరదలో చేరిన ఒండ్రు గడ్డకట్టుకుని ఉంది వాటి నిండా. మూడు రోజులు కూర్చుని గరిటెలతో తీశాం. సగం పగిలిపోతే కొత్తవి పెట్టించాం. పలకలు మళ్లీ పరిచాక పగిడయ్య స్టేజి మీద నిలబడి గొణిగినట్టుగా, "అమ్మా, మంచినీళ్లు" అన్నాడు. చివరి వరుసలో ఉన్న నాకు చెవి పక్కన చెప్పినట్టు వినిపించింది. మీ గొంతు వెనక ఇంత మంది దాక్కున్నారని మీకు తెలుసా?

నిన్న ఇప్పలగుంపు నుంచి జంపయ్య అనే కోయ పెద్దాయన వచ్చాడు, మనవరాలు సుజాతతో. మందిరం చూడమంటే లోపలికి రాలేదు. బయట ఎండలోనే నిలబడ్డాడు.

"మురళీకృష్ణ బాబు పాడుతడా?" అని అడిగాడు.

"పాడతారు" అన్నాను.

"గట్లయితే రాసుకో" అని ముడి విప్పి డబ్బులు ఇచ్చాడు. నేను రాసిన పేరు సరిగ్గా ఉందో లేదో మనవరాలితో చదివించుకున్నాడు. ఆ అమ్మాయి మిల్లులో కాంట్రాక్టు పని చేస్తుంది, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. వెళ్తూ వెళ్తూ ఏదో కూనిరాగం తీసింది. బావా, నేను కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వస్తారు కదూ?

ప్రసూన

* * *

తెనాలి,
ఏప్రిల్ 2.

ప్రసూనా,

కుండల సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లూ అదంతా నా గొంతే అనుకున్నాను.

ఆ జంపయ్య ఎలా ఉంటాడు? పొడుగ్గా, కుడి కనుబొమ మీద మచ్చ ఉంటుందా? మందిరం పక్కన కర్ర డిపో ఉండేది, అందులో కాపలా ఉండేవాడా? నువ్వు జవాబు రాయకముందే నాకు తెలుసు, అతనే.

ఒక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. డెబ్బై తొమ్మిదిలో జరిగింది. ఆ ఏడు నువ్వు ఖమ్మం హాస్టల్లో ఉన్నావు. మందిరం నిండిపోయింది. భద్రాచలం నుంచి పెద్దపెద్దవాళ్లు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. శబరి పద్యం దగ్గరికి వచ్చేసరికి పక్కవాకిలి బయట నుంచి ఎవరో నాతోపాటు పాడటం మొదలుపెట్టారు. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నాటకం ఆపి, శబరి వేషంలోనే స్టేజి అంచుకు వచ్చి, "ఎవడు వాడు? బయటికి గెంటండి" అని అరిచాను. మనవాళ్లు నలుగురు వెళ్లారు. అతన్ని మెట్లమీద నుంచి తోశారని తరవాత విన్నాను. మర్నాడు ఆ వాకిలికి మేకులు కొట్టించింది కూడా నేనే.

జరిగింది అది. శబరినని చెప్పుకుంటూ ఒక అడవి మనిషిని గెంటించాను. అతని పెంకు తీసుకోవద్దని రాద్దామనుకున్నాను, ఆ మాట అనే హక్కు కూడా నాకు లేదు.

నన్ను రమ్మనకు.

మురళీకృష్ణ

* * *

కొమ్మురేవు,
మే 9.

బావా,

మీ ఉత్తరం వారం రోజులు మళ్లీ మళ్లీ చదివాను. తరవాత ఆటో మాట్లాడుకుని ఇప్పలగుంపు వెళ్లాను. ఎండకు అడవి సగం ఆకు రాల్చేసింది. దారి పొడుగునా టైర్ల కింద ఆకులు గలగలమంటుంటే ఏదో కలలోకి పోతున్నట్టుంది. జంపయ్య వెదురు చీలుస్తున్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆ రోజు సంగతి అడిగాను.

"గుర్తులేకేంది టీచరమ్మా? ఆ బాబు మొదటి ముక్క పాడి ఆగిండు. రెండోది యాదికొస్తలేదు. హార్మోనియమాయన మూడుసార్లు వాయించిండు. బాబు మొకం జూస్తే నాకు పానం ఆగలె. అందరు జూస్తున్నరాయె. అందుకని నేను అందించిన, 'పండు పండె' అని. గంతే."

"నీకెట్లా వచ్చన్నా ఆ పద్యం?"

"గోడ ఇవతల కావలి గాసెటోణ్ణి గద. నెల దినాలు వాళ్ల రిహార్సల్ ఇన్న. రాకుంటెట్ల?"

బావా, మీరు పద్యం మరిచిపోయారు. నాకు రాసిన దాంట్లో అది లేదు. ఆయన మీ పాటను చెడగొట్టలేదు, పడిపోకుండా పట్టుకోబోయాడు.

కోపం లేదా అని అడిగాను. కత్తి పక్కన పెట్టి ఆలోచించాడు. "ఉంటది. ఉండదా మరి?" అని మోచెయ్యి చూపించాడు. మెట్లమీద పడి విరిగిన చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ రోజు నుంచి మందిరం గడప తొక్కలేదట.

"మరి పెంకు ఎందుకిచ్చావు?"

"ఆ దూలాలు మా నాయన భుజం మీద మోసిండు. కూలిపోతాంటే జూస్త ఊకుందునా? ఇంకోటి, ఆ బాబు గొంతు మంచిది. అబద్దమెందుకు జెప్పాలె. సచ్చేలోపల మళ్లొక్కపారి ఇనాలె."

నేను కూడా ఒకటి దాచాను, చెప్పేస్తున్నాను. మీరు వస్తానని ఒప్పుకోకముందే అందరికీ వస్తున్నారని చెప్పాను. సారపాక సెంటర్లో మీ పాత ఫొటోతో ఫ్లెక్సీ కట్టాం. సగం పెంకులు మీ పాట కోసం వచ్చినవే. ఇప్పుడు మీరు రాకపోతే నేను అబద్ధాలకోరునవుతాను. నాకు జరగాల్సిందేనేమో. కానీ జంపయ్యకు ఏం చెప్పను?

పగిడయ్య ఆ వాకిలి మేకులు పీకాడు. ఎంత గట్టిగా దిగాయో, ఒకటి పీకడానికి పూట పట్టింది.

ప్రసూన

* * *

తెనాలి,
జూన్ 1.

ప్రసూనా,

జంపయ్య చెప్పింది నిజం. పద్యం మరిచిపోయాను. ఆ ఒక్క ముక్క నీకు రాయలేకపోయాను. నలభై అయిదేళ్లుగా నాకు నేను కూడా ఆ ముక్క లేకుండానే చెప్పుకుంటున్నాను.

ఇక మిగిలింది కూడా చెబుతాను. నా ఫోను బాగానే ఉంది. మాట లేనిది నాకు. నిరుడు దసరా వెళ్లాక గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. గొంతులో లేచింది మామూలు పుండు కాదు. ప్రాణం కావాలా, గొంతు కావాలా అని డాక్టరు అడిగాడు. ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు అడిగానని తెలిస్తే నవ్వుతావు. ఇప్పుడు మెడ మీద చిన్న రంధ్రం, ఊపిరి అక్కడి నుంచే. దాని మీద పలుచటి గుడ్డ కట్టుకుంటాను. పెదవులు కదుపుతాను, శబ్దం రాదు. పాలు కావాలంటే కొట్టువాడికి చీటీ రాసిస్తాను. నీ ఫోను మోగినప్పుడల్లా చేతిలో పట్టుకుని, అది ఆగిపోయేదాకా నీ పేరు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఎందుకు దాచానంటే, ఎక్కడో ఒకచోట నా గొంతు బతికి ఉండాలనిపించింది. కొమ్మురేవులో అది ఉంది. మీకు తెలియనంతకాలం ఉంటుంది.

కలలో మాత్రం ఇప్పటికీ పాడతాను. రేవులో నిలబడి ఉంటాను. అవతలి ఒడ్డు కనపడనంత మంచు. మొదటి పాదం పాడి ఆగుతాను. నీళ్లమీద నుంచి ఎవరో రెండో పాదం అందుకుంటారు. మనిషి కనిపించడు, గొంతు మాత్రం దగ్గరికి వస్తుంటుంది. మెలకువ వస్తుంది. అది ఎవరి గొంతో ఇన్నాళ్లూ తెలియలేదు.

ఇది నలుగురికీ చెప్పెయ్యి. ఫ్లెక్సీ దింపించు. ఎవరి పెంకు వాళ్లు అడిగితే ఇచ్చెయ్యండి. ఒక్కటి మాత్రం, నా తరఫున జంపయ్యను క్షమాపణ అడగకు. అది నా నోటితో నేనే చెప్పుకోవాలి. ఎలాగో నాకు తెలియదు.

మురళీకృష్ణ

* * *

కొమ్మురేవు,
జూన్ 27.

బావా,

ముందు మీమీద కోపం వచ్చింది. ఆపరేషన్ గదిలోకి ఒక్కరే వెళ్లారా? సంతకం ఎవరు పెట్టారు? ఇంటికి ఎవరు తీసుకొచ్చారు? మేమంతా చచ్చిపోయామా? తరవాత పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. ఇప్పుడు కుదుటపడి రాస్తున్నాను.

మందిరంలోనే మీటింగు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ గొంతు సంగతి, నా అబద్ధం, రెండూ. అప్పటికి కప్పు ఒక వారం పని మిగిలి ఉంది, మబ్బులు పట్టాయి. రైసుమిల్లు ఆయన లేచి, "మమ్మల్ని మోసం చేశారు" అని వెళ్లిపోయాడు. ఆయన ఇంటి పెంకులు ఇరవై, వాటి డబ్బు నేనే తిరిగి ఇచ్చాను. ఇంకో ముగ్గురు పేర్లు చెరిపేయమన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను బావా, ముప్పై ఆరేళ్లు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పినదాన్ని.

అప్పుడు పగిడయ్య అన్నాడు, "మబ్బు జూడుండ్రి. పాడెటోళ్ల సంగతి తర్వాత. ముందు కప్పు ఎక్కాలె. నా తాన మనుషులు సరిపోరు, ఎవరొస్తరు?"

ఎవరూ కదల్లేదు. పక్కవాకిలి బయట మెట్లమీద కూర్చున్న జంపయ్య లేచి వెళ్లిపోయాడు. అయిపోయింది అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఇప్పలగుంపు నుంచి నలభై మంది వచ్చారు. ఆడవాళ్లు కింద నుంచి పెంకు అందిస్తుంటే ఒక చేతి నుంచి ఒక చేతికి అలా పైకి వెళ్లింది. వాళ్లను చూసి ఊళ్లోవాళ్లూ కలిశారు. ఆరు రోజులు. జంపయ్య మాత్రం కింద బయట నిలబడి, వంకర చెయ్యి ఊపుతూ ఎక్కడ సందు పడిందో చూపించాడు.

ఆఖరి వరుస పెట్టిన సాయంత్రమే వాన. అందరం లోపలికి పరిగెత్తాం. నేల మీద పడుకుని పైకి చూశాం. పెంకులమీద నీళ్లు పరుగెడుతున్నాయి, లోపల పేర్లన్నీ పొడిగా ఉన్నాయి. పక్కన పిల్లలు చదువుతుంటే విన్నాను, ఒక్కో పేరూ. నిద్రపోయానేమో కూడా. లేచేసరికి వాన తగ్గి, తలుపు దగ్గర సుజాత నిలబడి ఉంది.

"టీచరమ్మా, తాత పంపిండు. ఆ పద్యం నన్ను పాడమంటున్నడు. మాకు పాటలే గాని పద్యాలు రావు. ఎవరు నేర్పుతరు?"

ఎవరు నేర్పుతారో చెప్పండి బావా.

ప్రసూన

* * *

తెనాలి,
జులై 20.

ప్రసూనా,

ఉత్తరంలో పద్యం నేర్పినవాడు లోకంలో ఉన్నాడో లేడో తెలియదు. సుజాతకు ఇది చదివి వినిపించు. తొందర లేదు, రోజుకు కొంచెం.

అమ్మా సుజాతా, ముందు చాపమీద వెల్లకిలా పడుకో. నీ టిఫిన్ డబ్బా పొట్టమీద పెట్టుకో. ఊపిరి పీలిస్తే డబ్బా లేవాలి, భుజాలు కదలకూడదు. పది రోజులు ఇదే. పాట వద్దు.

తరవాత, 'ఆకు కదలె' అనే రెండు మాటలు మాత్రమే పాడు. గట్టిగా వద్దు. శబరి పొద్దున్నించీ ఎదురు చూస్తోంది, చెట్టు మీద పిట్టను కూడా లేపకుండా వినాలనుకుంటోంది. కాబట్టి నువ్వు పాడుతున్నట్టు కాదు, వింటున్నట్టు ఉండాలి. 'నెవరి'కీ 'యడుగుల'కూ మధ్య ఊపిరి తీయకు. అక్కడ ఊపిరి తీస్తే వచ్చేవాడు ఆగిపోతాడు. 'సవ్వడో' అన్నాక ఆగవచ్చు, ఎంతసేపైనా. నేను అక్కడ ఎప్పుడూ తొందరపడేవాణ్ణి, చప్పట్ల కోసం.

రెండో పాదం నేను నేర్పను. అది మీ తాతను అడుగు. నాకంటే ఆయనకు బాగా వచ్చు.

ప్రసూనా, ఇది రాస్తూ ప్రతి మాటా పెదవులతో పాడి చూసుకున్నాను. మెడ దగ్గర గుడ్డ కదిలింది, గాలి మాత్రం ఇంకా తాళంలోనే ఉంది. కాగితం మీద చెమట చుక్క పడిన చోట అక్షరం అలుక్కుపోయింది, ఆ మాట 'కదలె'.

మురళీకృష్ణ

* * *

ఖమ్మం,
అక్టోబరు 30.

బావా,

పైన ఊరు చూసి కంగారుపడకండి. చివరి పేర్లకు రంగు దిద్దుతానని నిచ్చెన ఎక్కి జారాను. తొడ ఎముక విరిగింది. ఖమ్మం దవాఖానాలో రాడ్డు వేశారు. మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను, రెండు నెలలు మంచం దిగకూడదట. మీకు చెప్పకుండా దాచుదామనుకున్నాను, దాచడాలు చాలనిపించింది.

సుజాతకు పద్యం వచ్చేసింది. తొమ్మిది ఉత్తరాల్లో మీరు చెప్పినదంతా చేసింది. షిఫ్టు దిగి వచ్చి, నూనె మరకల చేతులు కడుక్కుని, మీ కాగితం ముందు పెట్టుకుని. రెండో పాదం తాత దగ్గరే నేర్చుకుంది. 'పండె' అన్నచోట వాళ్ల పాటల్లో లాగా సాగదీస్తుంది. కమిటీలో ఒకాయన, "పద్యం అట్ల పాడరు" అన్నాడు. "మురళీకృష్ణ గారిని అడుగుదాం" అన్నాను. మీరు ఏమంటారో నాకు తెలుసు, అయినా మీరే వెళ్లి చెప్పాలి. నవంబరు పదిహేడు, సాయంత్రం ఆరింటికి.

నేను లేను. మీరు కూడా లేకపోతే ఆ పిల్ల ఎవరి మొహం చూసి పాడుతుంది? పాడమని అడగడం లేదు. వచ్చి వినండి. విన్నది నాకు రాయండి.

ప్రసూన

* * *

కొమ్మురేవు,
నవంబరు 18.

ప్రసూనా,

మీ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. తాళంచెవి పగిడయ్య ఇచ్చాడు.

భద్రాచలంలో బస్సు దిగి ఆటోలో వస్తుంటే సాయంత్రానికే గోదావరి మీద మంచు దిగుతోంది. కలలో చూసిన రేవే. అవతలి ఒడ్డు లేదు. మందిరం తలుపులన్నీ తెరిచి దీపాలు పెట్టారు. లోపల తల ఎత్తి చూశాను. మా అమ్మ, మీ నాన్న, చింతపండు ఆవిడ భర్త, పడవలవాళ్లు. రైసుమిల్లు ఆయన తన ఇంట్లోవాళ్ల పేర్లు మళ్లీ రాయించుకున్నాడు, రంగు ఇంకా ఆరలేదు. కమిటీ వాళ్లు నన్ను ముందు వరుసలో కూర్చోమన్నారు. సాగదీయడం గురించి అడిగారు. 'శబరి అలాగే పాడి ఉంటుంది' అని చీటీ రాసిచ్చాను.

జంపయ్యకూ ముందు వరుసలో కుర్చీ వేశారు. ఆయన రాలేదు. పక్కవాకిలి బయట, మెట్లమీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ వదిలేసి నేను అటు నుంచి బయటికి వెళ్లాను.

నలభై అయిదేళ్లుగా అనుకున్న మాటలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. తీసి ఆయనకు ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు సదువు రాదు బాబు" అన్నాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. చేతులు జోడించాను. ఆ చేతులు ఎందుకు జోడించానో చెప్పే దారి లేదు. నోరు తెరిచాను, గాలి వచ్చింది.

ఆయన నా మెడ వైపు చూశాడు. "గొంతు తీసేసిన్రంట గద. ఏది, జూపియ్."

గుడ్డ పైకెత్తాను. డాక్టరు తప్ప దాన్ని చూసినవాళ్లు లేరు. ముందుకు వంగి, వేలితో తాకబోయి ఆగి, చాలాసేపు చూశాడు.

"నొస్తదా?"

లేదని తల ఊపాను. ఆయన తన మోచెయ్యి నిమురుకుంటూ, "ఇదీ నొయ్యది. సలికాలం జరంత గుంజుతది" అన్నాడు. తరవాత మెట్టు మీద జరిగి చోటు ఇచ్చాడు. కూర్చున్నాను.

సుజాత మొదలుపెట్టింది. ముడతలు గీయలేదు, వేషమేమీ లేదు, మామూలు చీర. 'ఆకు కదలె' అనగానే జనం కుర్చీల చప్పుడు ఆగింది. ఎక్కడా ఊపిరి తీయలేదు ప్రసూనా. 'సవ్వడో' దగ్గర ఆగింది. నేను ఎన్నడూ ఆగనంత సేపు ఆగింది. మరిచిపోయిందేమో అనుకున్నాను. పక్కకు చూస్తే జంపయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు, పెదవులు కదులుతున్నాయి. అప్పటికి నావీ కదులుతున్నాయి. మా ఇద్దరిలో ఎవరి నోటా శబ్దం రాలేదు. ఆ పిల్ల తనంతట తనే రెండో పాదం అందుకుంది. నిండుగా, సాగదీసి, అడవిలో ఎవరినో పిలిచినట్టు. నేను ఏడ్చానో లేదో నాకు గుర్తులేదు. మంచు మెట్లదాకా వచ్చింది.

జనం వెళ్లిపోయాక జంపయ్య లేచి నిలబడ్డాడు. "మా నాయన మోసిన దూలం జూస్త" అని గడప దాటాడు. నన్ను పిలవలేదు, రావద్దనీ అనలేదు. వెనకే వెళ్లాను. ఆ దూలం కింది మూడో స్తంభం దగ్గర ఆగి రెండు చేతులూ దాని మీద ఆనించి, వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. తండ్రితో మాట్లాడినట్టే ఉంది. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను.

ఈ పొద్దున సుజాత డ్యూటీకి పోతూ ఇక్కడ ఆగింది. "తాతా, నాటకం మొత్తం నేర్చుకుంట. ఎప్పుడు మొదలువెడదాం?" అని నన్ను అడిగింది. వచ్చే వారం తెనాలి వెళ్లి గది ఖాళీ చేసి వస్తాను. నువ్వు వచ్చేదాకా మీ ఇంటి చివరి గదిలో ఉంటాను. వచ్చాక కిరాయి మాట్లాడుకుందాం.

ఇప్పుడే జంపయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నిన్నటి కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏం రాసినవ్ బాబు ఈ కాయితంల?" అని అడుగుతున్నాడు. మనవరాలితో చదివించుకోమని చెప్పలేను. తాత మెట్లమీద ఎలా పడ్డాడో ఆ పిల్ల నా రాతలో చదవకూడదు. నా నోటితోనే చెప్పాలని నీకు గొప్పగా రాశాను కదా, ఆ నోరు నాకు లేదని ఇప్పటికి ఒప్పుకుంటున్నాను.

ఆ కాగితం ఈ ఉత్తరంతో పాటు మడిచి పెడుతున్నాను. నువ్వు చదువుకోవచ్చు. కాలు నిలబడగానే దాన్ని తీసుకుని బయలుదేరి రా. ఆయన పక్కన నేను కూర్చుంటాను. నువ్వు ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క కూడా వదలకుండా పైకి చదివి వినిపించాలి.

మురళీకృష్ణ